ఆకు పేరున్న మాత్ర

పోయిన జనవరి 12న మన క్లబ్ పేజీలో వచ్చిన పోస్టర్ మీలో కొందరికైనా గుర్తుండాలి. నలుపు తెలుపు ఫోటో, వెనక జెండా రంగులు, పైన పెద్ద అక్షరాలతో "ప్రపంచం మరిచిన తెలుగు వెలుగు - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు". కింద ఐదు చుక్కలు, ఐదు వాక్యాలు. ఏటీపీ కనుక్కున్నాడు. ఫోలిక్ యాసిడ్ కనుక్కున్నాడు. మెథోట్రెక్సేట్ కనుక్కున్నాడు. టెట్రాసైక్లిన్ కనుక్కున్నాడు. నోబెల్ ఇవ్వలేదు. అది చేసింది నేనే. హాస్టల్‌లో అరగంట పని. మన పేజీలో అంతకుముందు ఏ కవితకీ అన్ని లైకులు రాలేదు.

ఇప్పుడు ఆ పోస్టర్ మీద నాకు నేనే ఈ వ్యాసం రాసుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే మూడు రోజుల తర్వాత మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మాది పుంగనూరు. మా అత్త వాళ్లది కుప్పం. అత్త కొడుకు, అంటే నా బామ్మర్ది, ఏడేళ్ల వాడు. రెండేళ్ల కింద వాడికి బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం, డాక్టర్లు 'ఆల్' అంటారు, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. మా వైపు ఇట్లాంటిదేదైనా వస్తే కుప్పంలో రైలెక్కి జోలార్‌పేట మీదుగా కాట్పాడిలో దిగడం, అక్కడినుంచి వేలూరు పోవడం తాతల కాలం నుంచీ అలవాటే. వీళ్లూ పోయినారు. మొదటి ఎనిమిది నెలలు ఇంజెక్షన్లు, వెన్నులో సూదులు, జుట్టు ఊడిపోవడం, అన్నీ అయ్యాయి. ఇప్పుడు నడుస్తున్నది మెయింటెనెన్స్ అనే దశ. వాడు బడికి పోతాడు, బ్యాట్ పట్టుకుంటాడు, కసురుకుంటాడు. కానీ వారానికి ఒకసారి, సోమవారం రాత్రి, చిన్న పసుప్పచ్చ మాత్రలు లెక్కపెట్టి మింగాలి. అవి మెథోట్రెక్సేట్. రోజూ కాదు, వారానికి ఒక్కసారే. అత్త క్యాలెండర్‌లో ప్రతి సోమవారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. మాత్రలిచ్చాక ఆ సున్నా మీద అడ్డగీత.

సంక్రాంతికి అందరూ పుంగనూరు వచ్చారు. కనుమ రోజు పొద్దున మా అవ్వ వాడి మొహం చూసి, "పాలిపోయినాడు బిడ్డ, రగతం లేదు వీనికి" అని మొదలుపెట్టింది. మా చెల్లెలు బడిలో వారం వారం ఇచ్చే నీలం మాత్రలు కొన్ని మింగకుండా తెచ్చి అలమారలో డబ్బాలో పడేసి ఉంటుంది (అందరు ఆడపిల్లలూ చేసే పనే, నోరు చేదవుతుందని). అవ్వ ఆ డబ్బా తీసి నన్ను అడిగింది: "ఇవి రగతం పట్టే మాత్రలే కదా నాయనా, వీనికి ఒకటియ్యనా?"

నేను అట్ట తిప్పి చదివాను. ఐరన్, ఫోలిక్ యాసిడ్. "ఇయ్యవ్వా, ఫోలిక్ యాసిడ్ మంచిదే, రక్తానికే అది. కనుక్కున్నది కూడా మన తెలుగాయనే" అన్నాను. పోస్టర్ వేసి మూడు రోజులే అయింది, నాకు ఆ మాత్రం గర్వం ఉంటుంది కదా.

అత్త వంటింట్లోంచి చూసి పరుగున వచ్చి అవ్వ చేతిలోంచి లాక్కుంది. "వాళ్లని అడక్కుండా ఏ మాత్రా ఇయ్యొద్దని చెప్పినారు కదమ్మా!" అని కేకేసింది. నాకు కొంచెం అతి అనిపించింది. ఒక విటమిన్ మాత్రకి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను.

తర్వాతి వారం వేలూరులో అడిగితే డాక్టరమ్మ అత్తకి చెప్పిందట: "ఆ సోమవారం మాత్ర చేసే పని ఏమిటో తెలుసా అమ్మా? క్యాన్సర్ కణాలకి ఫోలిక్ యాసిడ్ పని చేయకుండా అడ్డుపడడమే. మీరు ఇటు నుంచి ఆపుతూ అటు నుంచి పోస్తే ఎట్లా?" ఒక్క మాత్రతో కొంప మునిగేది కాదని కూడా అందట. కానీ అవ్వ ఒక్కదానితో ఆగేది కాదు, రోజూ ఇచ్చేది, నాకు తెలుసు.

అత్త ఫోన్‌లో ఇది చెప్తుంటే నాకు నా పోస్టర్ కనబడింది. రెండో చుక్క ఫోలిక్ యాసిడ్. మూడో చుక్క మెథోట్రెక్సేట్. ఒకదాని కింద ఒకటి నేనే టైప్ చేశాను. ఒకటి ఇంకోదానికి విరుగుడు అని నాకు తెలియదు. షేర్ చేసిన వాళ్లలో ఎంతమందికి తెలుసో నేను అడగను, నాకే తెలియనప్పుడు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: సుబ్బారావుని మనం మరిచిపోలేదు. ఏటా జనవరిలో గుర్తుచేసుకుంటూనే ఉన్నాం. మనం చేయని పని ఆయన ఏం చేశాడో తెలుసుకోవడం. "మరిచిపోయారు, అన్యాయం చేశారు" అన్న ఏడుపు చాలా సులువు, అరగంటలో పోస్టర్ అయిపోతుంది. ఆ పని అర్థం చేసుకోవడానికి నాకు సెమిస్టర్ సెలవులు మొత్తం పట్టాయి. చదివింది కొంత ఇక్కడ రాస్తాను. అది అయ్యాకే మీతో గొడవ.

ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు. అరటిపండ్లు అమ్మి డబ్బు చేద్దామని చిన్నప్పుడు కాశీకి పారిపోబోయాడని కథ చెబుతారు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ మాట విని ఖద్దరు కోటు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు తక్కువరకం ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇవన్నీ పోస్టర్లకు పనికొచ్చే సంగతులే. నాకు ముఖ్యం అనిపించింది వేరే. ఆ రోజుల్లో స్ప్రూ అనే జబ్బు ఉండేది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు, నోరంతా పుళ్లు, రక్తం పల్చబడి మనిషి ఎండిపోతాడు. తోబుట్టువు దానితో పోవడం ఆయన చూశాడు. తనకీ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. తర్వాత ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం పాఠాలు చెప్పాడు. 1920ల మొదట్లో హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి బోస్టన్ ఓడెక్కాడు, భార్యని ఇక్కడే వదిలి. మళ్లీ రాలేదు. అక్కడ ఖర్చులకి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్లాలు కడిగే పని చేశాడు.

సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కట్టాడు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. ఇంటర్ బైపీసీ వాళ్లు రోజూ తలుచుకునే ఏటీపీ. (అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. "సుబ్బారావు కనుక్కున్నాడు" అన్న నా మొదటి చుక్క సగం నిజం.) ఇంత చేసినా హార్వర్డ్‌లో పక్కా ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు.

ఇక్కడ కథ మన దేశానికి తిరిగొస్తుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ 1928 నుంచి బొంబాయిలో పనిచేసింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఒక వింత రక్తహీనత కనిపించింది: ఎర్రకణాలు తక్కువ, కానీ ఉన్నవి మామూలుకన్నా పెద్దవి. చౌకగా దొరికే ఈస్ట్ గుజ్జు, మార్మైట్, తినిపిస్తే తగ్గింది. 1931లో అచ్చువేసింది. ఈస్ట్‌లో ఉన్న ఆ 'ఏదో' ఏమిటో తెలియదు. 1941లో టెక్సస్‌లో కొందరు గుట్టలుగా పాలకూర తెచ్చి దాని నుంచి కొద్ది చుక్కల పదార్థం తీసి, లాటిన్‌లో ఆకుని ఫోలియం అంటారు కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఆకు పేరున్న మందు. లెడర్లీలో సుబ్బారావు నడిపిన బృందం కాలేయం నుంచి దాన్ని శుద్ధంగా తీసి, నిర్మాణం తేల్చి, 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది. పదిమందికి పైగా రసాయనవేత్తల పని అది. ఆ మందు స్ప్రూ రోగులకిస్తే లేచి కూర్చున్నారు. తనని పాతికేళ్ల కింద మంచాన పడేసిన జబ్బు! నా పోస్టర్‌లో ఇది లేదు.

అసలు మలుపు దీని తర్వాతే. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్ట్ ఉండేవాడు. అప్పట్లో లుకేమియా పిల్లలకి మందు లేదు, వారాల్లోనో నెలల్లోనో పోయేవాళ్లు. ఫోలిక్ యాసిడ్ రక్తహీనతకి పనిచేస్తోంది కదా, రక్తపు జబ్బే కదా, ఇచ్చి చూద్దాం అనుకున్నాడు. లెడర్లీ నుంచి తెప్పించి ఇచ్చాడు. తర్వాత మూలుగ పరీక్షిస్తే క్యాన్సర్ కణాలు తగ్గలేదు సరికదా మరింత జోరుగా పెరుగుతున్నాయి.

ఇది చదివిన రాత్రి నేను చాలాసేపు ల్యాప్‌టాప్ మూసేసి కూర్చున్నాను. హార్వర్డ్ డాక్టర్ వేసిన తప్పడుగు, మా పుంగనూరు అవ్వ వేయబోయిన తప్పడుగు ఒకటే. పాలిపోయిన బిడ్డ, రక్తం పట్టే మందు. తేడా ఏంటంటే ఆయనకి 1947కి ముందు తెలిసే దారి లేదు. నాకుంది, చేతిలో ఫోన్ రూపంలో.

ఫార్బర్ తిరగేసి ఆలోచించాడు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే పెరిగితే, ఆపితే? శరీరంలోంచి విటమిన్‌ని తీసేయలేం. కానీ దానిలాగే కనిపించే నకిలీని పంపొచ్చు. లెడర్లీలో అప్పటికే డోరిస్ సీగర్, ఆమె సహచరులు ఫోలిక్ యాసిడ్ అణువులో చిన్న మార్పులు చేసి అలాంటి విరోధులను తయారుచేస్తున్నారు. అవి బోస్టన్‌కి వెళ్లాయి. 1947 చివర్లో అమినోప్టెరిన్ అనేది పిల్లలకి ఇవ్వడం మొదలైంది. 1948 జూన్‌లో అచ్చయిన పేపర్‌లో 16 మంది పిల్లల సంగతి ఉంది. 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. కొన్ని నెలలే, మళ్లీ తిరగబడింది. అయినా పిల్లల్లో వచ్చే ఈ అక్యూట్ లుకేమియా ఒక మందు మాట విని వెనక్కి తగ్గడం అదే మొదలు. అమినోప్టెరిన్‌కి చెల్లెలు లాంటిది, కొంచెం నెమ్మదైనది, అమెథోప్టెరిన్. దాని ఇప్పటి పేరు మెథోట్రెక్సేట్. మా అత్త సోమవారం మాత్ర. ఆ పేపర్ వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే పోయాడు. 53 ఏళ్లు.

పనిచేసే తీరు మన ఇంజినీరింగ్ బుర్రకి సులువే. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి. డీఎన్ఏ ముక్కలు చేయడానికి ఫోలిక్ యాసిడ్‌ని ఒక ఎంజైమ్ మళ్లీ మళ్లీ చార్జ్ చేస్తూ ఉండాలి. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైమ్ తాళంలో దూరే డూప్లికేట్ తాళంచెవి. దూరుతుంది, తిరగదు, బయటికీ రాదు. అసలు తాళంచెవి బయట నిలబడి ఉంటుంది. ఎక్కువగా చీలే కణాలు ముందు ఆకలితో చస్తాయి: క్యాన్సర్ కణాలు, వాటితోపాటు జుట్టు కుదుళ్లు, నోటి పొర. అందుకే నోటిపుళ్లు. అందుకే వారానికొకసారి అన్నది పొరపాటున రోజూ అయితే ప్రాణం మీదికొస్తుంది. కీళ్లవాతానికి ఇదే మందు చాలా తక్కువ మోతాదులో వాడేవాళ్లకి మాత్రం డాక్టర్లే ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, పక్క ప్రభావాలు తగ్గడానికి. ఒకే జత, ఒకరికి కలిపి ఇస్తారు, ఒకరికి విడదీస్తారు. వాట్సాప్ ఫార్వర్డ్‌లో ఇది పట్టదు.

ఇక గొడవ. "ఒక్కడే అన్నీ కనిపెట్టాడు, నోబెల్ ఎగ్గొట్టారు" అని రాస్తే డోరిస్ సీగర్ పోతుంది, లూసీ విల్స్ పోతుంది, బొంబాయి మిల్లు ఆడవాళ్లు పోతారు. నా నాలుగో చుక్క, టెట్రాసైక్లిన్, మరీ అన్యాయం. ఆ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ని మట్టిలోంచి పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన పెద్దాయన. సుబ్బారావు ఆ పరిశోధన విభాగానికి అధిపతి, ఆ పెద్దాయనకి పని చేసుకునే చోటు ఉన్నది అక్కడే. ఇది చిన్న గొప్ప కాదు. కానీ ఇది వేరే గొప్ప, దాన్ని అట్లాగే చెప్పాలి. ఫార్బర్ పేపర్ రచయితల్లో సుబ్బారావు పేరు లేదు, అది నిజం. ఆయన దక్కని పేరు కోసం మనం బాధపడుతూ మిగతావాళ్ల పేర్లు మనమే చెరిపేస్తున్నాం.

మా రూమ్మేట్ వాదన ఇంకోటి: "పోస్టర్ వల్ల కనీసం పేరైనా తెలుస్తుంది కదబ్బా. ఎవడు చదువుతాడు నీ ఎంజైములు?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పోస్టర్ చూసే మా అత్త "ఈయన మనాయనా? చిన్నోని మాత్ర ఈయన చేసిందేనా?" అని మెసేజ్ పెట్టింది. ఆ ఆనందం అబద్ధం కాదు. కానీ ఆమెకి అంతకన్నా ఎక్కువ తెలుసుకునే హక్కుంది, చెప్పే బాధ్యత పోస్టర్ వేసినవాడిది.

ఊరి సంగతి కూడా ఒకటి. మదనపల్లెలో చదువుతూ మనం ఠాగూర్ ఇక్కడే 1919లో జనగణమనని ఇంగ్లిష్‌లోకి మార్చాడని ఫ్రెషర్స్ పార్టీలో చెప్పుకుంటాం. పక్కనే వందేళ్లు దాటిన ఆరోగ్యవరం శానిటోరియం ఉంది. మనవాళ్లలో ఎందరు లోపలికి వెళ్లారు? సుబ్బారావు పోయిన అదే 1948లో దేశంలో బీసీజీ టీకా పని మొదలైంది మదనపల్లెలో. తర్వాత టీకా ఎంత పనిచేస్తుందో తేల్చడానికి ఈ చుట్టుపక్కల జనం మీద ఏళ్ల తరబడి అధ్యయనం జరిగింది. మీ ఎడమ భుజం మీద మచ్చ చూసుకోండి. అదే బీసీజీని 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ మూత్రాశయ క్యాన్సర్ ఉన్న 9 మందికి లోపల ఎక్కించి చూస్తే గడ్డలు తిరగబెట్టడం తగ్గింది. క్రిమి క్యాన్సర్‌ని చంపదు, మన రోగనిరోధక కణాలని రెచ్చగొట్టి ఆ గోడ మీదికి పంపుతుంది. 1990లో అమెరికాలో ఆమోదం వచ్చింది, ఇవాళ్టికీ వాడుతున్నారు. క్యాన్సర్ ఇమ్యునాలజీ అంటే మనకి బోస్టన్, బొంబాయి గుర్తొస్తాయి. అందులో వాడే అతి పాత ఆయుధం మన ఊరి రికార్డుల్లో ఉంది.

ఇంకా దగ్గరి కాలంలో తిరుమలాదేవి కన్నెగంటి ఉన్నారు. కొత్తగూడెం సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో పీహెచ్‌డీ, ఇప్పుడు మెంఫిస్‌లో సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో సొంత ల్యాబ్. కణం తనని తాను చంపుకునే దారులు ఒకదానితో ఒకటి ఎట్లా ముడిపడి ఉంటాయో, ఆ చావుని క్యాన్సర్ కణాల మీదికి మళ్లించొచ్చా అనేది ఆమె పని. ఆమె మీద మనం ఒక్క పోస్టర్ కూడా వేయలేదు. బతికున్నారు కదా, "మరిచిపోయారు" అని రాయడానికి వీల్లేదు.

"మనది ఇంజినీరింగ్ కాలేజీ, పైగా సాహిత్య క్లబ్, దీనితో మనకేంటి" అనేవాళ్లకి: రోగి కణాలకే శిక్షణ ఇచ్చి తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్స మన దేశంలో 2023 అక్టోబర్‌లో అనుమతి పొందింది, అది పుట్టింది ఐఐటీ బొంబాయిలో. ఇంజినీరింగ్ క్యాంపస్సే. సాహిత్యం సంగతికొస్తే, "డూప్లికేట్ తాళంచెవి" అనే మాట కోసం నేను మూడు రోజులు వెతుక్కున్నాను. 'స్పర్ధాత్మక నిరోధకం' అని పుస్తకంలో ఉంది, అది మా అవ్వకి చెప్తే నన్ను దయ్యం పట్టిందనుకుంటుంది. తాళంచెవి అనేసరికి అవ్వకి అయిదు నిమిషాల్లో ఎక్కింది. "అయితే ఆ నీలం మాత్ర అసలు తాళంచెవిని గంపలతో పోసినట్టు" అని తనే ముగించింది. ఆ వాక్యం నాకు రాలేదు. ఆమె బడికి పోలేదు. మన క్లబ్‌లో చేయాల్సిన అనువాదం ఇదీ అని నాకు అప్పుడు అనిపించింది. కవితల మీద నాకు పగ లేదు, నేనూ రాస్తాను, మీరు చదవరు, అది వేరే సంగతి.

నీలం మాత్రల సంగతి కూడా ఆగలేదు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నూటికి యాభైతొమ్మిది. మన క్లాసులో ఆడపిల్లల వరసలు లెక్కేసుకోండి. చెల్లెలు డబ్బాలో పడేసిన మాత్ర బామ్మర్దికి పనికిరాదు, చెల్లెలికి కావాలి. లూసీ విల్స్ వెతికింది ఆమెలాంటి వాళ్ల కోసమే. అవ్వకి ఇది చెప్పాక ఆ డబ్బా అలమారలోంచి గోడ మీద దేవుడి పటం పక్కకి మారింది. వారానికి ఒకరోజు చెల్లెలు అవ్వ ముందు నిలబడి మింగి నోరు తెరిచి చూపించాలి. చెల్లెలు నన్ను తిట్టుకుంటోంది.

వచ్చే జనవరి 12కి పోస్టర్ కావాలని కన్వీనర్ అన్న ఇప్పుడే అడుగుతున్నాడు. ఐదు చుక్కల పోస్టర్ నేను వేయనని చెప్పాను. దానికి బదులు క్లబ్‌లో ఎవరింట్లో ఏ మందు వాడుతుంటే ఆ మందు గురించి వాళ్లు వాళ్లింట్లో పెద్దవాళ్లకి అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాయాలి, డాక్టర్‌కో ఫార్మసీ కాలేజీ సారుకో చూపించి తప్పులు దిద్దించాలి, అప్పుడే వేయాలి అన్నాను. "ఎవరు రాస్తార్రా?" అన్నాడు. మెథోట్రెక్సేట్ పేజీ నా దగ్గర సగం ఉంది.

నిన్న సోమవారం. రాత్రి ఎనిమిదిన్నరకి అత్త వీడియో కాల్ చేసింది. చిన్నోడు మాత్రలు అరచేతిలో పెట్టుకుని, "బావా, ఇవి దొంగ తాళాలంట కదా, నాలుగు దొంగ తాళాలు" అని ఒక్కొక్కటే లెక్కపెట్టి మింగాడు. క్యాలెండర్‌లో గీత వాడే కొట్టాడు. డాక్టర్లు చెప్పిన లెక్క ప్రకారం ఇంకా ముప్పైఒక్క సోమవారాలున్నాయి.